పైన నిప్పులు, కింద ఆకులు: రోమన్ల ఇంటి నైవేద్యం వండిన నా అనుభవం

ఇటలీలోని పాంపేలో వెట్టీలనే రోమన్ల ఇంటి వంటగదిలో, పొయ్యి మీద కంచు గిన్నెలు ఇప్పటికీ ఉన్నాయి. మన పల్లెల్లో ఉండే నేల పొయ్యి కాదది, నడుము ఎత్తున కట్టిన గట్టు. దాని మీద నిప్పులు పరిచి, ఇనుప ముక్కాలి పెట్టి గిన్నె ఎక్కించేవారు. క్రీ.శ. 79లో వెసూవియస్ పేలి ఊరంతా బూడిద కింద పడిపోయింది. ఆ గిన్నెలు చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. వెనకాలవాళ్ళు జరగమని సైగ చేస్తే గానీ కదల్లేదు.

2024 నవంబరులో మావారికి నేపుల్స్‌లో ఆఫీసు పని పడితే నేనూ వెంట వెళ్ళాను. ఆయన మీటింగుల్లో ఉంటే నేను లోకల్ రైలెక్కి పాంపే వెళ్ళిపోయాను. సుమారు నలభై నిమిషాల ప్రయాణం. ఫోరం, అంటే ఊరి నడిమధ్య చౌకు, చూశాను, గుళ్ళ స్తంభాలు చూశాను, బండి చక్రాలు ఒరిసి గాళ్ళు పడ్డ రాతి రోడ్లు చూశాను. రోడ్డు దాటడానికి మధ్యలో ఎత్తుగా వేసిన రాళ్ళ మీద అడుగులేశాను. అన్నీ గొప్పగానే ఉన్నాయి కానీ దూరంగా ఉన్నాయి. వెట్టీల ఇల్లు చాలా ఏళ్ళు మూసి ఉంచి, మరమ్మతులయ్యాక 2023 జనవరిలో తెరిచారు. ఆ వంటగది పక్కనే చిన్న వాకిలి, దాని గోడకి దేవుడి గూడు. అక్కడికొచ్చేసరికి దూరం పోయింది.

దాన్ని లారారియం అంటారు. చిన్న గుడి ముఖద్వారంలా రెండు స్తంభాలు, పైన గోపురంలా త్రికోణం, లోపల బొమ్మ. మధ్యలో ఒకాయన తల మీదుగా వస్త్రం కప్పుకుని పూజ చేస్తున్నట్టు ఉంటాడు. ఆయన జీనియస్, అంటే ఇంటి యజమానితో పాటు పుట్టి ఆయన్ని కనిపెట్టుకుని ఉండే శక్తి. అటూ ఇటూ గంతులేస్తున్నట్టు ఇద్దరు కుర్రవాళ్ళు, చేతుల్లో కొమ్ము ఆకారపు పానపాత్రలు. వాళ్ళు లారెస్, ఇంటిని కాపాడే దేవతలు. కింద పెద్ద పాము మెలికలు తిరుగుతూ బలిపీఠం వైపు వస్తుంటుంది. పాంపేలో ఇలాంటి గూళ్ళు చాలా ఇళ్ళలో ఉన్నాయి. కొన్ని బొమ్మల్లో పాము ముందున్న పీఠం మీద గుడ్డు, పైన్ కాయ కూడా కనిపిస్తాయి.

కోనసీమలో మా అమ్మమ్మ వంటింట్లో గోడకి అచ్చం ఇంతే గూడు ఉండేది. పసుపు రాసి బొట్లు పెట్టేది. పైకప్పంతా దీపం మసి. అన్నం వార్చగానే చిన్న గిన్నెలో తీసి ముందు అక్కడ పెట్టాకే మాకు వడ్డించేది. వెట్టీల గోడ ముందు నిలబడినప్పుడు నాకు ఆ మసి వాసన వచ్చింది.

మర్నాడు నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో ఒక రొట్టె చూశాను. అదే పేలుడులో పూడిపోయిన ఇంకో ఊరు హెర్కులేనియంలో దొరికింది. బొగ్గైపోయింది కానీ ఆకారం చెక్కుచెదరలేదు. గుండ్రంగా, ముక్కలుగా విరుచుకోవడానికి వీలుగా గాట్లు పెట్టి ఉంది. దాని మీద ముద్ర: క్వింటస్ గ్రానియస్ వేరుస్ బానిస సెలెర్ రొట్టె ఇది అని. ఆ పిండి పిసికిన మనిషి ఏమయ్యాడో ఎవరికీ తెలీదు. పేరు మాత్రం రొట్టె మీద ఉండిపోయింది. హైదరాబాద్ తిరిగొచ్చాక కూడా నాకు ఆ పేరే గుర్తొచ్చేది. వాళ్ళు ఆ గూడు ముందు ఏం పెట్టేవారో నా చేతులతో చేసి చూడాలనిపించింది.

వెతికితే కేటో దొరికాడు. క్రీ.పూ. 234లో పుట్టి 149లో పోయిన రోమన్ పెద్దమనిషి. సేద్యం గురించి ఆయన రాసిన పుస్తకం, పూర్తిగా మిగిలిన లాటిన్ వచన రచనల్లో అన్నిటికంటే పాతది. ద్రాక్షతోట ఎలా వేయాలి, ఎద్దులకి జబ్బు చేస్తే ఏం పట్టాలి అన్న విషయాల మధ్యలో లిబుమ్ అనే రొట్టె చేసే పద్ధతి ఉంది. నాలుగైదు వాక్యాలే. రెండు పౌన్ల జున్నుగడ్డ రోట్లో బాగా నూరాలి. ఒక పౌను గోధుమపిండి కలపాలి, ఇంకా మెత్తగా కావాలంటే సన్నపిండి అర పౌను చాలు. ఒక గుడ్డు వేసి కలపాలి. రొట్టెలా చేసి కింద ఆకులు వేసి, వేడి పొయ్యిరాతి మీద మట్టిమూత కింద నెమ్మదిగా కాల్చాలి. అంతే. లిబుమ్ అన్న పేరు ఎందుకొచ్చిందో వర్రో అనే పండితుడు చెప్పాడు: కాల్చాక తినేముందు దేవుడికి అర్పిస్తారు కాబట్టి. పుట్టినరోజుకి జీనియస్ ముందు పెట్టేది కూడా ఇదే.

రోమన్ పౌను మన లెక్కలో సుమారు 327 గ్రాములు. నేను సగం కొలత వేసుకున్నాను.

మొదటిసారి కొన్న పనీరు, మైదా, ఓవెన్. తేలిగ్గా అయిపోతుందనుకున్నాను. పనీరు మిక్సీలో వేస్తే రవ్వలా అయిందే తప్ప ముద్ద కాలేదు. ఆకులంటే చాలామంది బే ఆకులు వాడుతున్నారని చూసి బిర్యానీ ఆకులు పరిచాను. 180 డిగ్రీల్లో ముప్పావుగంట. తీసి విరిస్తే పొడిపొడిగా రాలింది. వాసన పూర్తిగా బిర్యానీది. తర్వాత తెలిసింది, మన బిర్యానీ ఆకు దాల్చిన జాతి చెట్టుది. మధ్యధరా వాళ్ళ లారెల్ చెట్టు వేరు. ఆ ఆకుకి నడుమ ఒకటే ఈనె ఉంటుంది, మనదానికి నిలువునా మూడు ఈనెలు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చిన్నపిల్లలైనా చెప్పేస్తారు. ఒక ఆన్‌లైన్ షాపులో ‘ఒరిజినల్’ అని రాసినవి తెప్పిస్తే అవీ మూడు ఈనెలవే వచ్చాయి. మళ్ళీ కేటో వాక్యం చదివితే అసలు ఆయన ఏ ఆకో చెప్పనే లేదు, ఆకులు అన్నాడంతే. లారెల్ అని పేరు పెట్టి చెప్పింది వేరే పిండివంట దగ్గర. దాన్నిబట్టి అందరూ ఇక్కడా అదే అనుకుంటున్నారు. అది తెలిశాక పెరట్లో అరటాకు కోశాను.

రెండోసారికి పాలు విరగ్గొట్టాను. రెండు లీటర్ల చిక్కటి పాలు, నిమ్మరసం. బరువు పెట్టకుండా గుడ్డలో వేలాడదీస్తే సుమారు 400 గ్రాముల మెత్తటి పనీరు వచ్చింది. ఈసారి మిక్సీ జోలికి పోలేదు. కేటో వాడిన మాట మోర్తారియుమ్, అంటే రోలే. ‘బాగా’ అన్న మాట ఆ నాలుగైదు వాక్యాల్లోనే మళ్ళీ మళ్ళీ అంటాడు. రుబ్బురోలు ముందు కూర్చుని పొత్రం పట్టుకున్నాను. అయిదు నిమిషాలు రవ్వ, పది నిమిషాలకి ముద్ద, పావుగంట దాటాక రోటి అంచున సన్నగా వెన్న మెరుపు. ఇరవై నిమిషాలకి వేలికి అంటుకోకుండా సాగింది. అప్పటికి భుజం పట్టేసింది.

అలా నూరుతుండగానే నాకు విలికా గుర్తొచ్చింది. పొలం మీద పెత్తనం చేసే బానిస పెళ్ళాం, ఆ ఇంటి పనులన్నీ చూసే ఆవిడ, ఆవిడా బానిసే. కేటో ఆమెకి బోలెడు చెప్తాడు. రోజూ రాత్రి పడుకునేముందు పొయ్యి చుట్టూ ఊడ్చి శుభ్రం చేయాలి. నెలలో మూడు ముఖ్యమైన రోజుల్లో, అంటే కాలెండ్స్, నోన్స్, ఐడ్స్ అనేవాటిలో, పండగల్లో పొయ్యికి పూలదండ వేయాలి, ఇంటిని కాపాడే లార్ దేవతకి కలిగినంతలో మొక్కుకోవాలి. అంతకుమించి యజమాని గానీ యజమానురాలు గానీ చెప్పకుండా తను పూజ చేయకూడదు, ఇంకొకరి చేత చేయించకూడదు. ఇంటిల్లిపాది తరఫున పూజ చేసేది యజమానే. ఇదే పుస్తకం మొదట్లో, ముసలి ఎద్దుల్ని అమ్మేయమన్న చోటే ముసలి బానిసని, జబ్బుపడ్డ బానిసని కూడా అమ్మేయమంటాడు. నేను ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసేసి చాలాసేపు తెరవలేదు. లిబుమ్ చేసే పద్ధతి రాసింది కేటో, నిజమే. కానీ భుజాలు పట్టేసేలా నూరిన చేతులు ఆయనవి అయ్యుండవు. పోర్ట్రెయిట్ బొమ్మల్లో కనిపించే ముఖాలూ నూరినవాళ్ళవి కావు.

వెట్టీల గూడు కూడా నౌకర్లు తిరిగే వైపే ఉంది. ఆ ఇంటి యజమానులు, కోన్వివా, రెస్టిట్యూటస్, ఇద్దరూ బానిసత్వం నుంచి విడుదలై డబ్బు సంపాదించినవాళ్ళని అంటారు. రోజూ ఆ పొయ్యి దగ్గర పనిచేస్తూ ఆ గూడు చూసింది మాత్రం వాళ్ళ ఇంటి బానిసలే.

రెండో లిబుమ్ రుచి బావుంది కానీ ఓవెన్‌లో పైన ఎండిపోయింది. మా అత్తయ్యగారు ఒవెన్ తెరిచి చూసి, ‘దిబ్బరొట్టె లాంటిదా అమ్మాయ్ ఇది?’ అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు లైటు వెలిగింది. టెస్టుమ్ అని కేటో చెప్పిన మట్టిమూత, దాని మీద నిప్పులు పోసి కాల్చడం, అదంతా మా అమ్మమ్మ చేసేదే. ఇత్తడి గిన్నెలో మినప్పిండి పోసి, కుంపటి మీద పెట్టి, మూత మీద నిప్పులు వేసేది. పైన నిప్పు ఎక్కువ, కింద తక్కువ ఉండాలనేది. నేను ఇంటర్నెట్‌లో పది వీడియోలు చూశాను కానీ ఇది తట్టలేదు.

ఇక్కడ గుడ్డు సంగతి చెప్పాలి. మా ఇంట్లో గుడ్డు వంటింట్లోకి రాదు. మొదటి రెండుసార్లూ అత్తయ్యగారు మా ఆడపడుచు ఇంట్లో ఉన్నప్పుడు కలిపి, ఆవిడ వచ్చేలోపు గిన్నెలు తోమేశాను. అలా దాచి చేయడం నాకే నచ్చలేదు. మూడోసారి ఉన్నమాట చెప్పేశాను. ఆవిడ కాసేపు ఊరుకుని, ‘దేవుడికి పెట్టేదాంట్లో గుడ్డేమిటి?’ అన్నారు. పాముకి గుడ్డు పెట్టిన బొమ్మలు ఫోన్‌లో చూపించాను. ‘నాగులచవితికి పుట్టలో గుడ్డు వేసేవాళ్ళు మా ఊళ్ళోనూ ఉన్నారు, మనింట్లో లేదు. మేడ మీద చేసుకో’ అన్నారు.

అలా మేడ మీద ఇటుకలు పరిచాను. ఇటుకల మీదే బొగ్గులు రాజేసి ముప్పావుగంట మండనిచ్చాను. తర్వాత పట్టకారుతో నిప్పులు పక్కకి తోసి, బూడిద ఊడ్చి, వాడ్చిన అరటాకు మీద రొట్టె పెట్టి, మట్టిమూకుడు బోర్లించాను. మూకుడు మీద, చుట్టూ నిప్పులు కప్పాను. మొదటి ప్రయత్నంలో ఇటుకలు మరీ కాగిపోయి అడుగు మాడింది. రెండోసారి ఊడ్చాక కాసేపు ఆగి, చిటికెడు పిండి చల్లి చూశాను. పిండి వెంటనే నల్లబడకుండా నెమ్మదిగా ఎర్రబడితే వేడి సరిపోయినట్టు. అరగంటకి జున్ను కాలిన వాసన మొదలైంది. నలభై నిమిషాలకి తీశాను. పైన గోధుమరంగు, లోపల తేమ, అడుగున అరటాకు ఈనెలు గీతలు గీతలుగా అచ్చుపడ్డాయి. గుడ్డు ఉన్న ఆ రొట్టె నేనూ మావారూ పిల్లలూ మేడ మీదే నిలబడి తినేశాం.

రోజు ఏదన్నది తర్వాత చూసుకున్నాను. జనవరిలో ఐడ్స్ 13వ తేదీ. 2025లో జనవరి 13 మనకి భోగి. రెండు క్యాలెండర్లకీ సంబంధం లేదని తెలుసు, ఆ తేదీ అలా కలిసిందంతే. కానీ తెల్లవారుజామున వాకిట్లో బోలెడు నిప్పులుంటాయి. అత్తయ్యగారు కూడా తినాలి కాబట్టి, పండగ కాబట్టి, ఆ రోజు గుడ్డు మానేశాను. గుడ్డు లేకపోతే కేటో చెప్పినది చెప్పినట్టు కాదు. అయినా ఆవిడ లేకుండా చేయాలనిపించలేదు. పిండి మాత్రం మార్చాను. ఖప్లీ గోధుమపిండి తెచ్చాను. పాత రోమన్లు ఫార్ అనే గోధుమ ఈ జాతిదే. దాని పిండిలో ఉప్పు కలిపి పొయ్యి దేవత వెస్టా గుడిలోని కన్యలు తయారుచేసిందే బలిపశువుల మీద చల్లేవారు.

భోగిమంట కాస్త తగ్గాక నిప్పులు తీసి ఇటుకలు కాచాను. రొట్టె అయింది. ముందు ఏం చేయాలో పిల్లలకి చెప్పాను. సెర్వియస్ అనే ఆయన రాసిన ప్రకారం, రోమన్ల భోజనంలో మొదటి వడ్డన అయ్యాక అందరూ మౌనంగా ఉండేవారు. దేవుడి భాగం పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళి నిప్పులో వేసేవారు. అప్పుడు ఒక కుర్రాడు ‘దేవతలు ప్రసన్నులయ్యారు’ అని చెప్పేవాడు. ఆ తర్వాతే మాటలు. మావాడికి ఆ మాట చెప్పే పని ఇచ్చాను.

అత్తయ్యగారు శ్రద్ధగా విన్నారు. వాళ్ళ మామగారు భోజనానికి ముందు వైశ్వదేవం చేసేవారట, అన్నం కొంచెం నిప్పులో వేసి గానీ కంచం ముందు కూర్చునేవారు కాదట. ‘ఇదీ అదేనన్నమాట. మరి మిగిలింది ప్రసాదమేనా? కళ్ళకద్దుకోవాలా?’ అని అడిగారు.

ఆ ప్రశ్న నాకు ఏ పుస్తకం చదివినప్పుడూ రాలేదు. కాదు. మనకి దేవుడి ముందు పెట్టి తీశాక అన్నం పవిత్రమవుతుంది, అందుకే కింద పడకుండా తింటాం. రోమన్లకి వరస తిరగబడి ఉంటుంది. దేవుడి భాగం నిప్పులో కాలిపోయి దేవుడికి చేరుతుంది. మిగిలినదాన్ని దేవుడి సొత్తు నుంచి విడిపించి మనుషులది చేసుకుంటారు. ప్రొఫేన్ అనే మాట అక్కణ్ణించే వచ్చింది, గుడి ముందున్నది, గుడి బయటిది అని అర్థం. అంటే వాళ్ళు తినేది మామూలు తిండే, దేవుడు తన వంతు తీసుకున్నాక మనకి వదిలిన తిండి. రోమన్లు అన్నీ మన దగ్గరే నేర్చుకున్నారని వాట్సాప్‌లో వచ్చే మాటలు నేనూ చదివాను. అగ్నిని వాళ్ళు ఇగ్నిస్ అనడం నిజమే, లాటిన్, సంస్కృతం ఒక కుటుంబం భాషలు కావడం వల్ల. కానీ రెండూ ఒకటే అనేస్తే ఈ తేడా కనపడదు. నాకు ఈ తేడానే ఎక్కువ ఇష్టమైంది.

రొట్టె విరిచాను. మొదటి ముక్క ఎవరు వేయాలి అన్నది వచ్చింది. రోమన్ పద్ధతిలో ఇంటి యజమాని తలమీద వస్త్రం కప్పుకుని వేయాలి. మావారు తువ్వాలు తల మీద వేసుకుని సిద్ధంగా నిలబడ్డారు. విలికా సంగతి నేను అంతకుముందే అత్తయ్యగారికి చెప్పి ఉన్నాను. ఆవిడ కొడుకు వైపు చూసి, ‘నూరింది అది. దాన్నే వెయ్యనీ’ అన్నారు.

పమిట తల మీదుగా కప్పుకుని వేశాను. జున్ను నిప్పు మీద పడగానే చుయ్‌మంది, అంచులు నల్లబడి ముడుచుకుని చిన్న మంట లేచింది. మావాడు ఆత్రంగా చెప్పాల్సిన మాట ముందే చెప్పేశాడు. మిగిలినదాని మీద తేనె పోశాను. లిబుమ్ దగ్గర కేటో తేనె మాట ఎత్తలేదు. కానీ మార్చి 17న లైబర్ దేవుడి పండగకి ఐవీ తీగ దండలు పెట్టుకున్న ముసలమ్మలు రోమ్ వీధుల్లో చిన్న పొయ్యిలు పెట్టుకుని ఇవి తేనెతో అమ్మేవారు. కొన్నవాళ్ళ తరఫున ఒక తునక ఆ పొయ్యిలోనే వేసేవారు. అత్తయ్యగారు ఒక ముక్క తిని, ‘జున్ను కాల్చినట్టుంది. యాలక్కాయ పడాలి’ అన్నారు. ఇంకో ముక్క అడిగి తీసుకున్నారు.

చేయాలనుకునేవాళ్ళకి, గుడ్డు లేకుండా నాకు కుదిరిన కొలత ఇది: మెత్తటి పనీరు 330 గ్రాములు, పిండి 80 నుంచి 100 గ్రాములు, కొద్దిగా ఉప్పు. ఉప్పు కేటో చెప్పలేదు, ఉప్పు లేని మన పనీరుకి అవసరం. నూరడం ఇరవై నిమిషాలకి తగ్గించొద్దు. నిప్పులు లేకపోతే మందపాటి గిన్నెలో, మూత పెట్టి, సన్నటి సెగ మీద చేసినా లోపల తేమ నిలుస్తుంది.

పాలు విరగడానికి అంజూరచెట్టు పాలు కూడా వాడేవారని వర్రో రాశాడు. మా ఆఫీసులో ఒకావిడది అనంతపురం వైపు, వాళ్ళ చేలో అంజూరచెట్లున్నాయి. వేసవి సెలవులకి ఊరెళ్ళినప్పుడు లేత కొమ్మలు తడిగుడ్డలో చుట్టి తెస్తానంది.